చదువు మధ్యలో డ్రాఫ్టుకు వెళ్లాలా? కళాశాల ఆటగాడూ, ఇంటివాళ్లూ కలిసి తేల్చుకునే పద్ధతి

కళాశాలలో చదువుకుంటూ ఆడుతున్న పిల్లవాడికి ప్రొఫెషనల్ జట్టు నుంచి పిలుపు వస్తే డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగాలా, ఉన్నపళంగా వెళ్లిపోవాలా అన్న ప్రశ్నతో అమెరికాలోని బాస్కెట్‌బాల్ కుటుంబాలు యాభై ఏళ్లకు పైగా సతమతమవుతున్నాయి. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు మాత్రం ఇది కొత్త ప్రశ్న. 2014లో ప్రో కబడ్డీ, 2022లో ప్రైమ్ వాలీబాల్, అదే ఏడాది అల్టిమేట్ ఖోఖో మొదలయ్యాకే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం కళాశాలల్లో చదివే పిల్లల ఇళ్లకు ఇలాంటి ఫోన్లు రావడం మొదలైంది. ఫోను వచ్చిన ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. తెల్లవారేసరికి సగం మంది వెళ్లమంటారు, సగం మంది వద్దంటారు, ఏ కాగితమూ ఎవరూ చూసి ఉండరు.

ఆటల మాస్టారిగా ఇలాంటి ఇళ్లలో కూర్చుని మాట్లాడిన అనుభవంతో ఈ పద్ధతిని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: పిల్లవాడు ఎంత బాగా ఆడతాడన్నది ఈ నిర్ణయంలో సగం కూడా కాదు. ఇస్తామన్న డబ్బులో ఎంతకు రాతపూర్వకమైన హామీ ఉంది, వెళ్లినవాడు తిరిగి వస్తే చదువులో అతని చోటు అతనికి ఉంటుందా అన్న రెండు సంగతులు తేలిన తరువాతే ప్రతిభ గురించి మాట్లాడుకోవాలి.

అమెరికాలో ఇది ఎలా నడుస్తుంది

లీగులోని జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు అనే పద్ధతికి పుట్టిల్లు అమెరికా కాబట్టి అక్కడి లెక్క తెలుసుకోవడం మేలు. అక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు అయిన ఎన్‌బీఏలో 30 జట్లు ఉన్నాయి. ఏటా జరిగే డ్రాఫ్టులో రెండు రౌండ్లు, మామూలుగా 60 ఎంపికలు ఉంటాయి. పూర్వం హైస్కూలు ముగిసి నాలుగేళ్లు గడిస్తే తప్ప ఎవరినీ తీసుకునేవారు కాదు. స్పెన్సర్ హేవుడ్ అనే ఆటగాడు ఆ నిబంధన మీద కోర్టుకెక్కగా 1971లో అక్కడి సుప్రీంకోర్టు అతనికి అనుకూలంగా చెప్పింది. ఆ తలుపు తెరుచుకున్నాక 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ కళాశాల గడప తొక్కకుండానే నేరుగా వెళ్లారు. 2005లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, డ్రాఫ్టు జరిగే క్యాలెండర్ సంవత్సరంలో 19 ఏళ్లు నిండాలనీ, అమెరికా ఆటగాడైతే అతని హైస్కూలు తరగతి ముగిసి కనీసం ఏడాది గడవాలనీ నియమం పెట్టారు. దానితో ఒక్క ఏడాది కళాశాలలో ఆడి వెళ్లిపోవడం పరిపాటి అయింది. 2025 డ్రాఫ్టులో మొదటి ఎంపికగా డల్లాస్ జట్టు తీసుకున్న కూపర్ ఫ్లాగ్ కూడా డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆడినది ఒక్క ఏడాదే.

మనం పట్టించుకోవలసింది ఈ పేర్లను కాదు, పేర్ల వెనక ఉన్న హామీని. మొదటి రౌండులో ఎంపికైన 30 మందికీ జీతం ఒక నిర్ణీత పట్టిక ప్రకారం ఉంటుంది, మొదటి రెండేళ్ల జీతానికి పూర్తి హామీ ఉంటుంది, మూడో ఏడాదీ నాలుగో ఏడాదీ జట్టు ఇష్టం. రెండో రౌండులో ఎంపికైనవాడికి నియమం ప్రకారం దక్కే హామీ ఏదీ లేదు. జట్టు ఎంత ఇస్తే అంత, అసలు ఒప్పందమే ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. చాలామందికి ఎన్‌బీఏ జట్టుకూ దాని కింది జీ లీగు జట్టుకూ మధ్య తిరిగే టూ-వే ఒప్పందం దొరుకుతుంది, దాని జీతం కొత్త ఆటగాడి కనీస జీతంలో సగం. 2025-26లో ఆ కనీస జీతం సుమారు 12.7 లక్షల డాలర్లు. అంటే 30వ పేరుకూ 31వ పేరుకూ ఆటలో తేడా వెంట్రుకవాసి, హామీలో తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత.

మన దేశం నుంచి డ్రాఫ్టులో పేరు పిలిపించుకున్న మొదటివాడు పంజాబులోని బల్లోకే గ్రామానికి చెందిన సత్నాం సింగ్. ఫ్లోరిడాలోని ఒక అకాడమీ నుంచి, కళాశాలలో ఆడకుండానే, 2015లో 52వ ఎంపికగా డల్లాస్ జట్టుకు వెళ్లాడు. దేశమంతా సంబరపడింది, పడవలసిందే. కానీ ఎన్‌బీఏలో అతను ఒక్క ఆటా ఆడలేదు. కింది లీగులో టెక్సస్ జట్టుకు ఆడి తిరిగి వచ్చాడు. కెనడాలో పుట్టిన పంజాబీ సిమ్ భుల్లర్ 2014లో న్యూ మెక్సికో స్టేట్‌లో రెండేళ్ల చదువు తరువాత బయలుదేరాడు. డ్రాఫ్టులో ఏ జట్టూ పేరు పిలవలేదు, తరువాతి ఏడాది శాక్రమెంటో జట్టుకు మూడు ఆటలు ఆడాడు. వీళ్లిద్దరూ ఏడడుగులకు పైబడిన మనుషులు, కష్టపడినవాళ్లు. శరీరమూ శ్రమా ఉన్నా హామీ లేని చోట ఏమవుతుందో చెప్పడానికే వీళ్ల పేర్లు తీశాను, చిన్నబుచ్చడానికి కాదు.

అక్కడ ఇటీవల గాలి మారింది. 2021 జూలై 1 నుంచి కళాశాల ఆటగాడు తన పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒక రాజీ ప్రకారం విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా చెల్లిస్తున్నాయి. 2021లో చదువు గానీ వయసు గానీ పూర్తిగా నిండకముందే డ్రాఫ్టుకు పేరిచ్చినవాళ్లు 353 మంది కాగా 2025లో 106 మందే ఇచ్చారు. తొందర చాలా వరకు ఆట మీద మోజు వల్ల కాక ఇంట్లో డబ్బు లేక పుట్టిందని ఈ అంకెలు చూస్తే నాకు అనిపిస్తుంది. మన జిల్లాల్లోనూ తొందరకు కారణం అదే కనుక, ముందు ఇంటి అవసరం ఎంతో అంకెల్లో రాసుకోవాలి. అప్పు ఎంత, చెల్లెలి ఫీజు ఎంత, కుర్రాడి తిండికీ బూట్లకూ నెలకు ఎంత అని రాసుకుంటే, ఆ మొత్తాన్ని చదువు మానకుండా తీర్చే మార్గం కొన్నిసార్లు కనిపిస్తుంది. ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయల భత్యం ఉంది. మూడు నాలుగు వేలకు తడుముకునే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

వదలకముందే తూచుకోవడం

ఈ వ్యవహారంలో అమెరికా నుంచి నేర్చుకోదగినది ఒకటుంటే అది ఇదే. అక్కడి కళాశాల ఆటగాడు డ్రాఫ్టుకు పేరిచ్చి, జట్ల ముందు పరీక్షకు నిలబడి, తన విలువ తెలుసుకుని, నచ్చకపోతే పేరు వెనక్కి తీసుకుని కళాశాలకు రావచ్చు. జట్లన్నీ చూసే కంబైన్ అనే పరీక్షా శిబిరం ముగిసిన 10 రోజుల దాకా ఈ వెసులుబాటు ఉంటుంది. ఎంపికయ్యే అవకాశం ఎంతో చెప్పడానికి లీగులోనే ఒక సలహా సంఘం కూడా ఉంది. పర్డ్యూ విశ్వవిద్యాలయానికి ఆడిన జాక్ ఈడీ 2023లో, దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడిగా పేరు మోగుతున్నప్పుడే, డ్రాఫ్టుకు పేరిచ్చి జట్ల ముందు ఆడి చూశాడు. తన ఆట మీద వాళ్లకున్న అనుమానాలు ఏమిటో విని, గడువు తేదీన పేరు వెనక్కి తీసుకున్నాడు. మరో ఏడాది ఆడాడు, జట్టును జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, 2024లో 9వ ఎంపికగా మెంఫిస్‌కు వెళ్లాడు. అంత పేరున్నవాడే ఒక ఏడాది ఆగితే, ఇంకా విశ్వవిద్యాలయ జట్టులో చోటు స్థిరపడనివాడికి తొందరెందుకు?

మన దగ్గర ఇలాంటి గడువూ సలహా సంఘమూ రాసిపెట్టి లేవు కనుక ఆ పని ఇంటివాళ్లే చేసుకోవాలి. ట్రయల్స్‌కు పిలిచినప్పుడు కళాశాలలో పేరు కొట్టించుకోకుండా, టీసీ తీసుకోకుండా, దసరా సెలవుల్లోనో వేసవి సెలవుల్లోనో వెళ్లాలి. సెలవుల్లో కుదరకపోతే ప్రిన్సిపాలుగారికి దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకుని వెళ్లాలి. అక్కడ కోచ్ వీపు తట్టి మెచ్చుకున్న మాట పట్టుకుని ఇంటికి వచ్చేయకూడదు. జట్టులో ఏ స్థానానికి చూస్తున్నారు, ఆ స్థానంలో ఇప్పటికే ఎంతమంది ఉన్నారు, మా వాడిలో మీకు కనిపించిన లోటు ఏమిటి, నిరుడు ఇలాగే తీసుకున్న కుర్రాళ్లలో ఎవరు ఎన్ని ఆటలు ఆడారు అని అడగాలి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికంటే విలువైనది. కబడ్డీలో ఎడమ కార్నరుకు ముగ్గురున్న జట్టు నాలుగోవాడిని తీసుకుంటే, ఆ నాలుగోవాడు సీజనంతా బల్ల మీద కూర్చోవడానికే వెళ్తున్నట్టు.

కొలత ఇంకొకటి ఉంది. ఈడు పిల్లల్లో మొనగాడు కావడం వేరు, పాతికేళ్ల మనుషుల మధ్య నిలవడం వేరు. రాష్ట్ర సీనియర్ జట్టు ఎంపికల్లో ఎంత దూరం వెళ్లాడు, రైల్వే, పోలీసు జట్లతో ఆడినప్పుడు ఎన్ని పాయింట్లు తెచ్చాడు అన్నవి చూడాలి. మన ఊరి సంక్రాంతి పోటీల కప్పులు ఎన్ని ఉన్నా ఈ లెక్కలోకి రావు. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల మొహాలు చిన్నబోతాయని తెలుసు, అయినా చెప్పాలి. అభిప్రాయం అడిగేటప్పుడు కూడా పిల్లవాడి సొంత కోచ్ ఒక్కరినే అడిగితే చాలదు, ఆయనకు వాత్సల్యం ఉంటుంది. ఏజెంటును అసలే అడగకూడదు, ఆయనకు కమీషను ఉంటుంది. ఎదుటి జట్టుకు శిక్షణ ఇచ్చినవారిని అడిగితే నిజం బయటికి వస్తుంది.

అగ్రిమెంటు చదవడం

పర్లాకిమిడిలో ఒక ఇంట్లో జరిగినది చెబుతాను. తండ్రి చిన్న దుకాణం నడుపుతారు, కొడుకు డిగ్రీ రెండో ఏడాది, కబడ్డీలో రైడరు. ఒక జట్టు నుంచి ఇంగ్లీషులో నాలుగు పేజీల అగ్రిమెంటు వచ్చింది. నేను వెళ్లేసరికి కాగితాలు మంచం మీద ఉన్నాయి, మొదటి పేజీ మాత్రమే నలిగి ఉంది, ఎందుకంటే మొత్తం అంకె దాని మీదే ఉంది. మిగిలిన మూడు పేజీలు కొత్తగా, మడత కూడా పడకుండా ఉన్నాయి. ఆ తండ్రి "గుంటడు సదువు ఒగ్గీసి ఎల్లిపోతానంటున్నాడు మాస్టారూ, ఏటి సెయ్యమంటారు?" అని అడిగారు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: ఆటగాడు గాయపడి నిర్ణీత రోజులకు మించి ఆడలేకపోతే మిగిలిన మొత్తం ఇవ్వకుండా ఒప్పందం రద్దు చేసుకునే హక్కు జట్టుకు ఉంటుంది. మోకాలు తిరగబడితే చికిత్స ఖర్చు ఎవరిదో మాత్రం నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. రైడరుకు మోకాలే అన్నం పెట్టేది.

సంతకం ఆపించి, చికిత్స ఖర్చు జట్టుదేనని రెండు వాక్యాలు చేర్చమని ఉత్తరం రాయించాం. మొదట కుదరదన్నారు, వారం తరువాత చేర్చారు. కుర్రాడు వెళ్లాడు, కొన్ని ఆటల్లో దిగాడు, పోయిన పరీక్షలను తరువాత బ్యాక్ పేపర్లుగా రాసుకున్నాడు. అడిగితే పిలుపే పోతుందేమోనన్న భయం ఆ ఇంట్లో చాలా ఉండింది. నిజంగా కావలసిన ఆటగాడిని రెండు వాక్యాల కోసం ఏ జట్టూ వదులుకోదు, వదులుకుందంటే ఆ అవసరం ఎంతటిదో ముందే తెలిసిపోయినట్టు.

కాబట్టి అగ్రిమెంటు ఎప్పుడూ చివరి పేజీ నుంచి చదవండి. ఒప్పందం ఎన్ని సీజన్లకు, రెండో సీజను ఎవరి ఇష్టం మీద ఆధారపడి ఉంది, డబ్బు ఎన్ని విడతల్లో ఏ తేదీలకు వస్తుంది, అంకె మొత్తానికా లేక ఆడిన ఆటలకా, గాయానికి బీమా ఉందా, సీజను మధ్యలో జట్టు వద్దంటే ఎంత ఇస్తుంది, పన్ను ఎంత కోస్తారు, పరీక్ష రోజున విడుదల చేస్తారా అన్నవి తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని ఇంట్లో అందరికీ చదివి వినిపించాలి. ఇంగ్లీషు వచ్చిన మేనమామ చదివి అర్థం చెప్పడం మంచిదే గాని, పర్లాకిమిడి, బరంపురం కోర్టుల దగ్గర ఉండే వకీలుకు వెయ్యో రెండు వేలో ఇచ్చి చూపించడం ఇంకా మంచిది. డబ్బు పడే బ్యాంకు ఖాతా ఆటగాడి పేరు మీదే ఉండాలి. ఏజెంటు ఖాతాకు వచ్చి అక్కడి నుంచి మనకు రావడం అనే ఏర్పాటుకు ఎంత దగ్గరివారు చెప్పినా ఒప్పుకోకూడదు.

అంకెల గురించి ఒక మాట. ప్రో కబడ్డీ వేలంలో ఇటీవలి సీజన్లలో కనీస ధర ఎ వర్గానికి 30 లక్షలు, బి కి 20, సి కి 13, డి కి 9 లక్షలు. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2.605 కోట్లకు తీసుకుందన్న వార్త ప్రతి కబడ్డీ కుర్రాడికీ కంఠతా వచ్చు. ఆ స్థాయికి వచ్చేముందు ఆయన ఎన్ని సీజన్లు ఆడి ఉన్నాడో కూడా అంతే కంఠతా రావాలి. కొత్తవాడికి వచ్చే అంకె వేరు, దానికి హామీ ఎంత అన్నది మళ్లీ వేరు.

లీగు ఎంత కాలం ఉంటుంది

డిగ్రీకి మూడు నాలుగేళ్లు పడుతుంది. మన దేశంలో కొన్ని లీగుల ఆయుష్షు అంతకంటే తక్కువ. బాస్కెట్‌బాల్‌లో యూబీఏ అనే ప్రొఫెషనల్ లీగు 2015లో మొదలై 2017 తరువాత సాగలేదు. వాలీబాల్‌లో 2019లో వచ్చిన ప్రో వాలీబాల్ లీగు ఒక్క సీజనుతో ఆగిపోగా, మూడేళ్లకు వేరే పేరుతో ప్రైమ్ వాలీబాల్ వచ్చింది. అల్టిమేట్ ఖోఖో మొదటి సీజను 2022 ఆగస్టు, సెప్టెంబరుల్లో పుణెలో జరిగింది. ఫైనల్లో ఒడిశా జగర్నాట్స్ తెలుగు యోధాస్‌ను 46-45తో, ఒకే ఒక్క పాయింటుతో ఓడించిన ఆ రాత్రి మన ఇళ్లలో రెండు జట్లకూ చప్పట్లు కొట్టినవాళ్లు ఉన్నారు. రెండో సీజను మాత్రం 2023 డిసెంబరులో గాని కటక్‌లో మొదలు కాలేదు. మధ్యలో ఏడాదికి పైగా ఖాళీ. మొదటి సీజను చూసి చదువు మానేసిన ఖోఖో కుర్రాడు ఆ ఖాళీలో ఏం తిన్నాడో ఇంటివాళ్లే చెప్పాలి. ఈ లీగుల్లో ప్రో కబడ్డీ ఒక్కటే 2014 నుంచి నిలబడింది, అదీ కోవిడ్ వల్ల 2020లో జరగలేదు. ఎన్‌బీఏ వంటి స్థిరమైన లీగును చూసి తీసుకునే నిర్ణయాన్ని రెండేళ్ల వయసున్న లీగుకు అన్వయించకూడదు.

కళాశాలలో ఇంకా మిగిలినది ఏమిటి

చాలా ఇళ్లలో ఈ లెక్క వేయరు. కళాశాల అంటే పుస్తకాలూ పరీక్షలూ మాత్రమే అనుకుంటారు గాని, ఆటగాడికి కళాశాల మరొకటి ఇస్తుంది: అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడే హక్కు. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే ఈ పోటీలకు 25 ఏళ్లు దాటని పూర్తికాల విద్యార్థి మాత్రమే అర్హుడు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో నేరుగా భర్తీ చేసే ఖాళీల్లో 5 శాతం వరకు క్రీడాకారులకు ఇవ్వవచ్చు, అందుకు అర్హత కలిగించే వాటిలో దేశం తరఫున, రాష్ట్రం తరఫున ఆడటంతో పాటు విశ్వవిద్యాలయం తరఫున ఈ పోటీల్లో ఆడటం కూడా ఉంది. పతకం వస్తే వరసలో ముందుకు జరుగుతారు. బరంపురం విశ్వవిద్యాలయం జెర్సీ వేసుకుని ఆడిన కుర్రాడి దగ్గర ఆ ధ్రువపత్రం ఉంటుంది. కళాశాల మానేసినవాడికి ఇకపై అది దొరకదు, దూరవిద్యలో చేరినా దొరకదు.

రైల్వేలో క్రీడల కోటా చూడండి. పదో తరగతితో లెవెల్ 1, ఇంటర్మీడియట్‌తో, అంటే ఇక్కడి ప్లస్ టూతో, లెవెల్ 2, 3 ఉద్యోగాలకు వెళ్లవచ్చు. లెవెల్ 4, 5 కావాలంటే డిగ్రీ ఉండాలి. ఒకే ఆట, ఒకే పతకం ఉన్న ఇద్దరిలో డిగ్రీ ఉన్నవాడు పై మెట్టున చేరతాడు, ఆ తేడా రిటైరయ్యేదాకా జీతంలో కనిపిస్తుంది. భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు తీర రైల్వే మన జిల్లాల పిల్లలకు దగ్గరి ఆశ కనుక ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను. మూడో ఏడాదిలో ఉన్నవాడు మానేయడం నాకు బొత్తిగా ఇష్టం లేనిది ఇందుకే. ఇంకా ఏడెనిమిది నెలల్లో చేతికొచ్చే పట్టాను, వచ్చే ఏడాది కూడా రాగల పిలుపు కోసం వదులుకోవడం తెలివైన బేరం కాదు. టిమ్ డంకన్ వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లూ చదివాకే 1997లో డ్రాఫ్టుకు వెళ్లాడు, మొదటి ఎంపిక అయ్యాడు. అతని చిన్నతనంలోనే పోయిన తల్లికి చదువు పూర్తి చేస్తానని మాట ఇచ్చి ఉన్నాడు.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దున ఉన్న మనకు అదనంగా మరో చిక్కు ఉంది. పాతపట్నంలో మేనత్త ఇల్లు, పర్లాకిమిడిలో చదువు. ఇచ్ఛాపురంలో ఓటు, బరంపురంలో కళాశాల. పిల్లవాడు ఒక ఏడాది శ్రీకాకుళం జిల్లా తరఫునా, మరుసటి ఏడాది గజపతి జిల్లా తరఫునా ఆడిన సందర్భాలు ఉన్నాయి. ఇలా చేస్తే రాష్ట్ర సంఘం నుంచి నిరభ్యంతర పత్రం కోసం తిరగవలసి వస్తుంది, ఉద్యోగం వేళ ధ్రువపత్రాలు ఒకదానితో ఒకటి పొసగవు. నివాస ధ్రువపత్రం, ఆధార్ చిరునామా, ఆడే రాష్ట్రం ఒక్కటే అయ్యేలా పదహారు, పదిహేడేళ్ల వయసులోనే తేల్చుకోవాలి. ఒడిశా వైపే ఉండాలనుకుంటే పిల్లవాడికి ఒడియా చదవడం, రాయడం రావాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో ఒడియా పరీక్ష ప్యాసై ఉండాలన్న షరతు తరచూ ఉంటుంది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాటలు మాత్రమే వచ్చి రాత రాని పిల్లలు మన దగ్గర తక్కువేమీ కాదు.

ఆడపిల్లల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగు అయిన డబ్ల్యూఎన్‌బీఏ అక్కడి కళాశాల అమ్మాయిలను 22 ఏళ్లు నిండే సంవత్సరం దాకా, లేదా డిగ్రీ పూర్తయ్యేదాకా డ్రాఫ్టులోకి రానివ్వదు. మన దేశంలో అమ్మాయిలకు నిలకడగా డబ్బిచ్చే లీగులు ఇంకా బలపడలేదు. కాబట్టి ఇప్పటికి వాళ్లకు డిగ్రీ, విశ్వవిద్యాలయ జట్టు, క్రీడల కోటా ఉద్యోగం అన్న దారే గట్టిది.

వెళ్లాలనే తేలితే ఎలా వెళ్లాలి

వెళ్లవలసినవాళ్లు కూడా ఉంటారు, వాళ్లను ఆపకూడదు. రాష్ట్ర సీనియర్ జట్టులో ఇప్పటికే ఆడుతూ, ఒకటికి మించిన జట్లు అడుగుతూ, ఇంటి అప్పు తీర్చగలిగిన మొత్తానికి రాతపూర్వకమైన హామీతో పిలుపు వస్తే మొదటి ఏడాదిలో ఉన్నా వెళ్లమనే చెబుతాను. ఆటగాడి శరీరానికి కాలం తక్కువ, పుస్తకం ముప్పై ఏళ్లకైనా తెరవవచ్చు. మైకేల్ జోర్డాన్ మూడో ఏడాది ముగించి 1984లో వెళ్లి 1986లో పట్టా తీసుకున్నాడు, షకీల్ ఓనీల్ 1992లో వెళ్లి 2000లో తీసుకున్నాడు, 2009లో వెళ్లిన స్టీఫెన్ కర్రీ 2022లో పూర్తి చేశాడు. వాళ్లకు తిరిగి వచ్చే దారి తెరిచి ఉంది, మనమూ తెరిచి ఉంచుకుని వెళ్లాలి.

అందుకు మొదటి పని కళాశాల పరీక్షల విభాగానికి వెళ్లడం. కొత్త విద్యావిధానాన్ని ఒడిశా 2024-25 నుంచి డిగ్రీలో అమలు చేస్తోంది. దాని ప్రకారం ఏడాది ముగించి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చే ఏర్పాటు ఉంది. ప్యాసైన పేపర్లకు లెక్కగట్టే క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో ఏడేళ్ల వరకు చెల్లుబాటు అవుతాయి. పిల్లవాడి ఖాతా తెరిచి ఉందా, పూర్తి చేసిన సెమిస్టర్ల క్రెడిట్లు అందులో పడ్డాయా అని కళ్లారా చూసుకోవాలి. సెమిస్టరు మధ్యలో వెళ్తే ఆ సెమిస్టరు మొత్తం పోతుంది కనుక, వీలైనంత వరకు పరీక్షలు రాసి సెమిస్టరు చివర కదలాలి. 2024లో ప్రో కబడ్డీ అక్టోబరు 18 నుంచి డిసెంబరు 29 వరకు నడిచింది, 2025లో ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలై అక్టోబరు 31న ముగిసింది. శిబిరంతో కలిపి చూసుకున్నా పోయేది ఏడాదిలో ఒక్క సెమిస్టరే. దానికోసం మొత్తం డిగ్రీ వదలవలసిన అవసరం లేదు. హాజరు 75 శాతం చాలకపోతే ఏం చేయాలో, క్రీడలకు మినహాయింపు ఎంత ఇస్తారో ముందుగానే ప్రిన్సిపాలుగారిని అడిగి రాతలో తీసుకోవాలి.

పదో తరగతి, ప్లస్ టూ ధ్రువపత్రాల అసలు ప్రతులు ఏ జట్టుకూ ఇవ్వకూడదు. చూపించి, నకళ్లు ఇచ్చి, అసలువి ఇంటి బీరువాలో పెట్టుకోవాలి. వచ్చే మొదటి విడతలో సగాన్ని ఆటగాడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమని నేను పట్టుబడతాను, ఎందుకంటే గాయమైన ఏడాది, లీగు జరగని ఏడాది అదే జీతం. బండి, ఇంటికి రెండో అంతస్తు, అక్క పెళ్లి అన్నవి రెండో విడత వచ్చాక ఆలోచించవచ్చు.

ఇక ఈ పనులన్నిటికీ ఒక తేదీ పెట్టుకోవాలి. జట్టు సంతకానికి ఇచ్చిన గడువుకు కనీసం వారం ముందు తండ్రీ తల్లీ, పిల్లవాడూ, కళాశాల ఆటల మాస్టారూ ఒకచోట కూర్చుని, ఇంటి అవసరాల కాగితం, తెలుగులో రాసుకున్న అగ్రిమెంటు అంశాలు, క్రెడిట్ల లెక్క పక్కపక్కనే పెట్టుకుని చూడాలి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా సంతకం చేయకుండా జట్టును మరో వారం గడువు అడగండి, ఆ వారంలో సెమిస్టరు పరీక్ష ఫారం మాత్రం తప్పకుండా నింపి ఫీజు కట్టేయండి.